థార్ ఎడారి గాయకుల కూటమి



మన పల్లెలలో పాటకు కులము కలదు. వాద్యమునకును కులము కలదు. విశ్వబ్రాహ్మణుల వాకిట రుంజ మ్రోగించుటకు రుంజవారే రావలెను. పద్మశాలీల కులగాథ చెప్పుటకు సాధనాశూరులో కూనపులివారో రావలెను. మాదిగల పురాణము పాడుటకు డక్కలివారు రావలెను. ఒకరి వాద్యమును మరియొకరు ముట్టుట వాడుక కాదు. ఒకరి దాతల వాకిటికి మరియొకరు పోయి చేయి చాచినచో తగవు పుట్టును. ఈ కట్టుబాట్లను చూచి పెరిగిన పెద్దలకు వీనిని గూర్చి నేను వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఇట్టి కట్టుబాట్ల నడుమనే పుట్టి, తరతరములుగా వేరువేరు వాకిళ్లలో పాడుకొనుచు వచ్చిన రెండు గాయక కులములవారు ఒకే జంపఖానాపై కూర్చుండి పాడిరి. ఒకే దండుగా సముద్రములు దాటి వచ్చిరి. వారు పశ్చిమ రాజస్థానమునందలి లంగాలు, మాంగణియారులు. వారి కలయిక ఎట్లు జరిగినది, దానివలన వారికి దక్కినదేమి, వారు పోగొట్టుకొన్నదేమి అను విషయములను నేను ఈ ప్రసంగమున వివరింపదలచితిని. మొదటి పేరు విని మన ఆడువారి వస్త్రమును తలచి నవ్వుకొనకుడు. అది ఆ దేశమున గౌరవముగల కులనామము.

ముందుగా ఆ నేలను గూర్చి రెండు మాటలు. జైసల్మేరు, బాడ్మేరు, జోధపురము జిల్లాల పడమటి భాగము థార్ ఎడారి. దానికి ఆవల సింధుదేశము. వాన కురియుట అరుదు. కురిసిన యేట సజ్జ పండును. మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు అక్కడి సంపద. ఊరికిని ఊరికిని నడుమ క్రోసులకొలది ఇసుక. ఇంత పేద నేలపై ఇంత ధనవంతమైన సంగీతము ఎట్లు నిలిచెనని అడుగవచ్చును. దానికి సమాధానము ఆ నేలమీది దాతృత్వపు కట్టుబాటులో నున్నది.

లంగాలు, మాంగణియారులు ఉభయులును మహమ్మదీయులే. కాని వారి యజమానులు వేరు. లంగాలకు ముఖ్యముగా సింధీ సిపాయీలనబడు ముసల్మాను రైతులు, పశుపాలకులు యజమానులు. మాంగణియారులకు ముఖ్యముగా రాజపుత్రులు యజమానులు. చారణులు, మేఘవాలులు మొదలగువారును కలరు. యజమాని యింట బిడ్డ పుట్టినను, పెండ్లి జరిగినను గాయకుడు పోయి పాడవలెను. ఆ పాట లేనిదే శుభకార్యము శుభకార్యముగా చెల్లదు. దానికి ప్రతిఫలముగా యజమాని ధాన్యమో, మేకయో, ఒంటెయో, రొక్కమో ఇచ్చును. ఈ హక్కు భూమివలె తండ్రినుండి కొడుకులకు సంక్రమించును. అన్నదమ్ములు వేరుపడునప్పుడు పొలమును పంచుకొన్నట్లు యజమానుల ఇండ్లను పంచుకొందురు.

ఇందులో దాత ఒకవైపు, యాచకుడు ఒకవైపు మాత్రమే ఉన్నారనుకొనుట పొరపాటు. మాంగణియారు తన యజమాని వంశమును నోటి లెక్కగా ధరించియుండును. తాత ముత్తాతల పేర్లు, వారి పరాక్రమములు వరుసగా చెప్పి కీర్తించు పద్ధతికి ‘శుభరాజ్’ అని పేరు. వంశము గాయకుని నాలుకపై నున్నప్పుడు యజమాని మర్యాదయును అక్కడనే యుండును గదా! ఇచ్చిపుచ్చుకొనుటలో యజమాని తప్పినచో గాయకుడు కీర్తన మానును. ఊరిలో అంతకంటె తలవంపు వేరొకటి లేదు. అయినను ‘మాంగణియారు’ అను పేరునకు అడుగుకొనువాడని అర్థము వచ్చుటచేత ఆ కులమువారు పెక్కుమంది ఇప్పుడు ఆ పేరును రోసి, మీరాసులమనియో మీరులమనియో చెప్పుకొనుచున్నారు.

ఇక వాద్యములు. మాంగణియారుల ప్రధానవాద్యము కమాయిచా. మామిడి మ్రానును తొలిచి గుండ్రని కడుపు చేసి, దానిపై మేకతోలు బిగింతురు. ప్రధానమైన తంత్రులు మూడు, అవి పేగుతో చేసినవి. వాని క్రింద ప్రతిధ్వని నిచ్చుటకు సన్నని లోహపు తంతులు కలవు. గుఱ్ఱపు వెండ్రుకల కమానుతో దానిని మ్రోగించినప్పుడు వెడలు నాదము గంభీరము, కొంచెము బొంగురు. వృద్ధుని కంఠమువలె నుండును. లంగాలలో రెండు శాఖలు కలవు. ఒక శాఖవారు సింధీ సారంగి వాయింతురు. రెండవ శాఖవారు సుర్నాయి, మురళి మొదలగు ఊదు వాద్యములను వాయింతురు. సింధీ సారంగి నాదము కమాయిచాకంటె సన్నన, పదునెక్కువ. పూర్వము లంగాలు సారంగినే ఆధారముగా గొని, ఎక్కువగా తాళవాద్యము లేకయే పాడెడివారు. మాంగణియారులకు ఢోలకు కలదు, ఖడ్తాలు కలదు. ఈ ఖడ్తాలు మన భజనలలోని చిడతలకు దూరపు చుట్టము: చేతికి రెండేసి శీషపు చెక్క పలకలు, కట్టు లేదు, గజ్జె లేదు, ఆ నాలుగు చెక్కముక్కలతోడనే నిప్పురవ్వలు చిమ్మినట్లు లయ పలికింతురు.

వారి పాటలను గూర్చి చెప్పునప్పుడు మతమును గూర్చిన మన సామాన్యపు తలపులు కొన్ని తారుమారగును. మాంగణియారు నమాజు చేయును. యజమాని యింట కృష్ణుని పుట్టుకను పాడును. దేవీ పూజలో పాడును. మీరా పదములు, కబీరు పదములు పాడును. ఆ కంఠమే భిట్ గ్రామపు సూఫీ కవి షా అబ్దుల్ లతీఫ్ పదములను, పంజాబు సూఫీ బుల్లేషా పదములను పాడును. 1689లో జన్మించి 1752లో మరణించిన షా లతీఫు సింధుదేశపు కవి. లంగాలకును ఆయన పూజ్యుడే. జైసల్మేరు చెంత లోద్రవలో నుండిన మూమల్‌కును, సింధులోని ఉమర్‌కోటకు చెందిన మహేంద్రునికిని నడచిన ప్రేమకథను ఇరుకులములవారును పాడుదురు. మూమలు ఊరు నేడు మన దేశములో నున్నది. మహేంద్రుని ఊరు పాకిస్తానములో నున్నది. పాట మాత్రము ఆ రేఖను ఎరుగదు.

కాని మనుష్యులకు ఆ రేఖను ఎరుగక తప్పలేదు. 1947లో దేశము రెండు భాగములయినప్పుడు యజమానులు కొందరు ఒకవైపునను, గాయకులు కొందరు ఇంకొకవైపునను చిక్కుకొనిరి. అటుపిమ్మట 1952లో రాజస్థానములో జాగీర్లను తిరిగి గైకొను చట్టము వచ్చెను. రైతుకు అది న్యాయమైన చట్టమే. కాని జాగీరుదారుని ధాన్యపు కొట్టముమీద బ్రదుకు గాయకుని చేట అంతమేరకు వట్టిపోయినది. 1965 యుద్ధములో జోధపురమునుండి సింధునకు పోవు రైలుమార్గము మూతపడెను. ఆ మార్గమున మరల రైలు నడచినది 2006లో. 2019లో అదియు నిలిచిపోయెను. వీనికితోడు కరవులు. బిడ్డకు కమాయిచా నేర్పుటకంటె రాళ్లు కొట్టుట నేర్పుట మేలని తండ్రి తలచు దినములు వచ్చినవి.

ఈ దశలో కోమల్ కోఠారీ వచ్చెను. ఆయన 1929లో జన్మించినవాడు. గాయకుడు కాడు, రాజు కాడు, ధనవంతుడు కాడు. రాజస్థాన సంగీత నాటక అకాడమీలో పనిచేసిన విద్వాంసుడు. 1960లో తన మిత్రుడును గొప్ప కథకుడును అగు విజయదాన్ దేథాతో కలిసి జోధపురము జిల్లాలోని బోరుందా గ్రామములో ‘రూపాయన్ సంస్థాన్’ అను సంస్థను స్థాపించెను. దేథా పల్లెల కథలను చేరదీసి ‘బాతాఁ రీ ఫుల్వాడీ’ అను పేర రాజస్థానీ భాషలో సంపుటములుగా వెలువరించెను. కోఠారీ పల్లెల పాటలను చేరదీసెను. ఇరువురును పల్లెలోనే కాపురముండి పల్లె విద్యను వెదకిరి. నేను ఈ విషయమును ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణము కలదు. పట్టణమునుండి ఒక దినము వచ్చి, చూచి, వ్రాసికొని పోయినవాడు పాటను పట్టుకొనగలడేమో కాని పాడువానిని పట్టుకొనలేడు.

1960 తరువాతి తొలి సంవత్సరములలో కోఠారీ లంగాల పాటలను, మాంగణియారుల పాటలను టేపు యంత్రముపై పట్టెను. ఆ పిమ్మట వారిని ఢిల్లీ వేదికలకు తోడ్కొని పోయెను. ఆ దశాబ్దము ముగియకమునుపే వారు ఐరోపాలో పాడిరి. తమ యజమాని వాకిలి తప్ప వేరు సభ యెరుగని గాయకులు తమ భాషలో ఒక్క ముక్కయైన తెలియని జనుల యెదుట కూర్చుండిరి. ఇరుకులములవారును ఒకే దండులో చేరుట అప్పటినుండి వాడుకయైనది.

ఆ కూర్పు అంత సులభమైన పని కాదని ఊహింపవచ్చును. పల్లెలో పాట రాత్రి మొదలై తెల్లవారుజామునకు ముగియును. వేదికపై దానికి దొరకునది గంట, గంటన్నర. పల్లెలో పాటకు సందర్భము కలదు: ఇది పురిటిపాట, ఇది పెండ్లికొడుకు గుఱ్ఱమెక్కునప్పటి పాట, ఇది అల్లుని యేడిపించు పాట. వేదికపై పురుడు లేదు, పెండ్లి లేదు, అల్లుడు లేడు. కమాయిచా శ్రుతి ఒకటి, సారంగి శ్రుతి మరియొకటి. ముందు పాడువారెవరు? నడుమ కూర్చుండువారెవరు? మన ఊరి పెండ్లి పందిటిలో తాంబూలము ముందెవరికి అను ప్రశ్న ఎంత ప్రాణము తీయునో తెలిసినవారికి ఈ చిక్కు తెలియును.

ఇందుకు కుదిరిన పరిష్కారములో నాకు మిక్కిలి మెచ్చవలసినదిగా తోచునది ఒకటి కలదు. రెండు సంప్రదాయములను కరగించి మూడవ దానిని పోతపోయు తొందర అక్కడ కానరాదు. లంగా తన పాటనే పాడెను. మాంగణియారు తన పాటనే పాడెను. ఒకరు పాడునప్పుడు మరియొకరు తోడు నిలిచిరి. ఇరువురకును తెలిసిన పాట వచ్చినప్పుడు కంఠములు కలిసెను. క్రమముగా ఇచ్చిపుచ్చుకొనుటలు జరిగినవి. మాంగణియారుల ఖడ్తాలు, ఢోలకు లంగాల పాటకును అలవాటైనవి. ఇంతకు పూర్వమును పొలిమేరలు పూర్తిగా మూసియుండలేదనుటకు లఖా ఖాన్ అను పెద్దయే సాక్షి. ఆయన మాంగణియారు కులజుడు. వాయించునది మాత్రము సింధీ సారంగి. ఆ విద్యకే 2021లో ఆయనకు పద్మశ్రీ బిరుదము వచ్చెను.

1982లో బ్రిటనులోను, 1985లో అమెరికాలోను, ఫ్రాన్సులోను భారతోత్సవములు జరిగినవి. అమెరికా ఉత్సవమున వాషింగ్టన్ నగరపు నడిబొడ్డున మన పల్లెల కళాకారులు దినముల తరబడి తమ విద్యలను చూపిరి. రాజస్థాన గాయకులకు ప్రపంచమున పేరు స్థిరపడినది ఆ కాలముననే. అప్పటికి దండులో మూడవ కూటమి కూడ చేరినది. పాములను పట్టి ఆడించు కాల్‌బేలియాలకు 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టముతో పాత వృత్తి నిషిద్ధమైనది. వారి స్త్రీల నృత్యము వేదిక కెక్కినది. గులాబో అను కాల్‌బేలియా నర్తకి 1985లో అమెరికాకు పోయినవారిలో ఒకతె. 2016లో ఆమెకు పద్మశ్రీ లభించెను. 2010లో యునెస్కో సంస్థ కాల్‌బేలియా పాటలను, నృత్యములను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. కాల్‌బేలియా స్త్రీ ఆడుచుండగా లంగాలో, మాంగణియారులో వాయించు దృశ్యము నేడు సర్వసాధారణము; వారి తాతలు చూచియుండినచో విస్తుపోయెడివారే.

2006లో రోయిస్టన్ ఏబెల్ అను నాటక దర్శకుడు నలువదిమందికి పైగా మాంగణియారులను నాలుగు అంతస్తుల ఎఱ్ఱని గదుల చట్రములో కూర్చుండబెట్టి ఒక ప్రదర్శనమును కూర్చెను. అది పెక్కు దేశములు తిరిగినది. 2007 మొదలుకొని జోధపురపు మెహ్రాన్‌గఢ్ కోటలో జానపద సంగీతోత్సవము జరుగుచు వచ్చినది. కోఠారీ 2004లో మరణించెను. ఆ యేటనే ఆయనకు పద్మభూషణ బిరుదము వచ్చియుండెను. హమీరా గ్రామపు కమాయిచా విద్వాంసుడు సాకర్ ఖాన్ 2012లో పద్మశ్రీ నంది, మరుసటి యేట కన్నుమూసెను. ఇవి కీర్తికి సంబంధించిన లెక్కలు.

ఇక రెండవ పుట తిప్పవలెను. సభకు వినసొంపుగా నుండు హార్మోనియము వచ్చి కమాయిచాను వెనుకకు నెట్టినది. కమాయిచా చేయగల వడ్రంగులు మిక్కిలి తగ్గిపోయిరి. చప్పట్లు కొట్టించు త్వరితగతి పాటలు మిగిలి, రాత్రి మూడవ జామున నెమ్మదిగా విచ్చుకొను పాటలు చిన్నవారి నోటికి అందకుండ పోవుచున్నవి. పల్లెపాటలు చలనచిత్రములకెక్కి కోట్లమంది నోట పలికినవి. వానిని కాపాడిన కులమునకు దక్కినది అల్పము. ఇంటిలో పాడు స్త్రీలు వేదికపై కానరారు. కాలు చెడినదైనను, కులపువారు కాదన్నను పట్టుదలతో సభలలో పాడిన బాడ్మేరు రుక్మాబాయి వంటివారు అరుదు; ఆమె 2011లో మరణించెను.

అంతకంటె బరువైన మాట ఒకటి కలదు. విదేశపు సభ లేచి నిలిచి చప్పట్లు కొట్టిన కులమే స్వగ్రామమున ఎట్టి స్థితిలో నున్నదో 2017లో లోకమునకు తెలిసినది. జైసల్మేరు జిల్లా దాంతల్ గ్రామమున ఒక మాంగణియారు గాయకుడు హత్యచేయబడెను. దేవీపూజలో అతని పాట ఫలింపలేదను కోపమే దానికి హేతువని అప్పటి వార్తాపత్రికలు వ్రాసినవి. అతని బంధుకుటుంబములు భయముచే ఊరు విడిచి పోయినవి. యజమానికిని గాయకునికిని నడుమగల బంధమును నేను ఇంతకుముందు కొంత మెచ్చుకొని చెప్పితిని. ఆ బంధములోనే ఈ భయమును దాగియున్నది. పాతదంతయు మేలని చెప్పువారు దీనిని మరువరాదు. వేదిక వచ్చినది గనుక బానిసత్వము పోయినదని చెప్పువారును దీనిని మరువరాదు.

అయినచో ఈ కూటమివలన కలిగిన మేలేమి? నా అభిప్రాయమిది. పూర్వము గాయకుని విలువను నిర్ణయించువాడు ఒక్క యజమాని. అతడు కసరినచో గాయకునికి దిక్కులేదు. ఇప్పుడు తన విద్యకు వేరొక తూకపురాయి కలదని గాయకుడు తెలిసికొనెను. ఒంటరిగా పోయిన గాయకుని బేరమాడి లొంగదీయుట సులభము. దండుగా పోయినవారికి ధర చెప్పుకొను ధైర్యము కలుగును. దానికంటెను పెద్ద మేలు మరియొకటి: ఒకరి విద్యను మరియొకరు దగ్గరనుండి వినుట. పొరుగు కులపు పాటను దూరమునుండి విన్నప్పుడు మనకు ఎగతాళి పుట్టును. ప్రక్కన కూర్చుండి దానికి తాళము వేయవలసి వచ్చినప్పుడు ఆ పాట యెంత కష్టమో తెలియును. తెలిసిన పిమ్మట ఎగతాళి చేయుటకు నోరు రాదు. లంగాలును మాంగణియారులును నేటికిని సాధారణముగా వియ్యమందరు. ఎవరి దాతలు వారికే. వారు సంపాదించినది ఏకత్వము కాదు, ఎరుక.

పెద్దలారా, మన గ్రామములలోను రుంజవారు, ఒగ్గువారు, డక్కలివారు, పిచ్చకుంట్లవారు, శారదకాండ్రు ఇంకను అక్కడక్కడ మిగిలియున్నారు. వారి దాతలును తగ్గిరి. వారి బిడ్డలును వేరు పనులు వెదకికొనుచున్నారు. వారిని ఒకేచోట చేర్చుటకు రాజధానియు అక్కరలేదు, విదేశయాత్రయు అక్కరలేదు. ఊరి జాతరనాడు ఇరువురిని మువ్వురిని పిలిచి, ఒకరి పిమ్మట ఒకరిచేత పూర్తిగా పాడించి, తగిన కూలిని సభలో అందరియెదుట చేతిలో పెట్టిన చాలును. పిలుచునప్పుడు ‘ఒరే’ అనక ‘అయ్యా’ అనుడు. పాట పదికాలములు నిలుచుటకు చర్మమును తంత్రులును ఎంత ముఖ్యమో, పాడువాని మర్యాదయు అంత ముఖ్యము. థార్ ఎడారి గాయకుల చరిత్రనుండి నేను గ్రహించినది ఇదియే.